సాదా హ్యాండ్‌బ్యాగ్‌కు పూల కాగితంతో కొత్త కళ

పెళ్లిళ్ల సీజన్ వస్తే డ్రెస్‌కు మ్యాచ్ అయ్యే హ్యాండ్‌బ్యాగ్ కోసం షాపులన్నీ తిరుగుతాం. ఇంట్లో ఉన్న పాత సాదా బ్యాగ్‌నే డికూపేజ్‌తో మార్చుకోవచ్చు. బొమ్మల కాగితం కత్తిరించి, అతికించి, పైన వార్నిష్ వేయడమే ఈ పని.

అంటించడం తేలికే, నిలబెట్టడమే అసలు పని. రెగ్జిన్ బ్యాగ్ అయితే ముందు స్పిరిట్‌తో తుడిచి, సన్న ఉప్పు కాగితంతో మెల్లగా రుద్దాలి. నున్నటి రెగ్జిన్‌పై గమ్ నిలవదు. బొమ్మ వచ్చే చోట తెల్ల యాక్రిలిక్ పెయింట్ వేయాలి, లేకపోతే పల్చటి కాగితంలోంచి ముదురు రంగు కనిపిస్తుంది.

మూడు పొరల పూల నాప్కిన్‌లో పై పొర ఒక్కటే తీసుకోండి. డికూపేజ్ గమ్ పల్చగా రాసి, బొమ్మను మధ్య నుంచి అంచులకు మెత్తటి బ్రష్‌తో అద్దాలి. ఆరాక రెండు మూడు పల్చటి కోటింగ్‌లు వార్నిష్ వేయాలి. ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి. మడతలు, జిప్ దగ్గర అంటించొద్దు, అక్కడే ముందు పగులుతుంది.

ఒక్క జాగ్రత్త. అందంగా ఉందని ఉర్దూ, అరబీ రాతలున్న కాగితం వాడకండి. అందులో అల్లాహ్ పేరు ఉండొచ్చు, బ్యాగేమో నేల మీద కూడా పెడతాం.

చేసి అమ్మాలనుకునే అక్కాచెల్లెళ్లు బ్యాగ్, కాగితం, గమ్, వార్నిష్ ఖర్చుతోపాటు తమ గంటల కూలీ కూడా లెక్క రాయాలి. అది కలపకుండా రేటు చెబితే లాభమనుకున్నది మీ కష్టమే అవుతుంది.