మసాయి మారాలో మాగనూరు జింకలు!

మాది నారాయణపేట. కెన్యాలోని మసాయి మారాకు సింహాల కోసమే వెళ్లాం. కనిపించాయి, ఫొటోలూ దిగాం. కానీ ఇప్పటికీ కళ్లలో మెదిలేది ఓ సాయంత్రం. థామ్సన్ గజెల్‌ల గుంపు అడ్డంగా గెంతుతూ పోతుంటే డ్రైవర్ జీపు ఆపేశాడు. అమ్మేమో, "మన మాగనూరు జింకల్లెక్కనే ఉన్నయి గదరా!" అంది.

నిజమే. మక్తల్, మాగనూరు, కృష్ణ మండలాల చేలల్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. అక్కడ చూడ్డానికి డాలర్లు కట్టాం. ఇక్కడ మొలకెత్తిన పత్తి, కంది మేసేస్తాయని రైతులు తెల్లారకముందే కాపలాకు పోతారు. షెడ్యూల్-1 జంతువు కదా, వేటాడితే జైలే.

జింకల్ని వేరే చోటికి తరలించే ‘బోమా’ పద్ధతి కూడా ఆఫ్రికా నుంచి వచ్చిందే. గరాటు ఆకారంలో తెరలు కట్టి, బెదరకుండా మెల్లగా లోపలికి మళ్లించి, లారీ ఎక్కిస్తారు. మధ్యప్రదేశ్‌లో చేశారు కూడా. మా రైతులు అడిగేదీ అదే.