సుంకం అమెరికాది, పస్తు పేటది

2025 ఆగస్టు 27న భారతీయ సరుకులపై అమెరికా అదనపు దిగుమతి సుంకం 50 శాతానికి చేరింది. అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలను కలిపితే మన రొయ్యపై భారం 58 శాతం దాటింది. ఆనాటి నుంచి గోదావరి డెల్టాలో సాగిన చర్చ ప్రధానంగా రెండు మాటల చుట్టూ తిరిగింది: రైతు నష్టం, ఎగుమతిదారు నష్టం. రెండూ నిజమే. అయితే ఆ రొయ్య తల తీసి, పొట్టు ఒలిచి, నరం లాగి, పెట్టెకు సిద్ధం చేసిన స్త్రీ ఈ చర్చలో దాదాపు కనిపించలేదు. ఒక ఆర్థిక సంక్షోభం ఏ ఇంట ఎంత లోతుగా దిగుతుందన్నది సుంకం శాతం ఒక్కటే నిర్ణయించదు. మన దగ్గర దాన్ని కులం కూడా నిర్ణయిస్తుంది.

రొయ్య మన చెరువులో పెరిగినా దాని వెనుక ఉన్న గొలుసు దేశాలు దాటినది. వనామి రకాన్ని మన దేశంలో 2009లో అనుమతించారు. దాని తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడా వంటి చోట్ల నుంచి విమానంలో వచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం దాటి, మన తీరంలోని హేచరీలకు చేరుతాయి. అక్కడి పిల్ల చెరువుకు, చెరువులోని రొయ్య శుద్ధి ప్లాంటుకు, ప్లాంటులోని పెట్టె మళ్లీ అమెరికా దుకాణానికి వెళ్తుంది. 2024-25లో భారత్ ఎగుమతి చేసిన శీతలీకరించిన రొయ్య 7 లక్షల 41 వేల టన్నులు. అందులో 3 లక్షల 11 వేల టన్నులకు పైగా ఒక్క అమెరికాకే వెళ్లింది. ఇంత పెద్ద వాటా ఒకే కొనుగోలుదారు చేతిలో ఉన్నప్పుడు, 15 శాతం సుంకంతో అదే మార్కెట్లో నిలిచిన ఈక్వడార్ వైపు ఆ కొనుగోలుదారు మొగ్గితే చాలు, ఇక్కడ షిఫ్టులు తగ్గుతాయి.

తగ్గేది మొదట ఎవరి షిఫ్టు? ఈ ప్రశ్నకు జవాబు గొలుసు అల్లికలోనే ఉంది. ఎగుమతిదారుకు శీతల గిడ్డంగి ఉంది. ధర కుదిరేదాకా సరుకును అందులో నిలబెట్టగలడు. చెరువు యజమాని పంటను కొన్నాళ్లు ముందుకో వెనక్కో జరపగలడు, లేదా ఒక పంట విరామం ప్రకటించగలడు. ఒలుపు పని చేసే స్త్రీకి అటువంటి వెసులుబాటు లేదు. రొయ్యను గడ్డకట్టించి నెలల తరబడి దాచవచ్చు. చేయని ఒక రోజు పనిని దాచలేము. చాలా చోట్ల ఆమెను పనికి తెచ్చేది ప్లాంటు కాదు, కాంట్రాక్టరు. ఆమె కూలిని లెక్కగట్టేది నెలకు కాదు, రోజుకో కిలోకో. ఆర్డరు తగ్గిన రోజున ఆమెను ఎవరూ తొలగించరు. పల్లెకు రావలసిన బండి రాదు, అంతే.

ఆ బండి రాని రోజున ఆమె వెళ్లడానికి పొలం కూడా లేదు. ఈ ప్రాంత చరిత్రలో అసలు విషయం ఇదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా వరి మాగాణి అయింది. భూమి ప్రధానంగా కొన్ని వ్యవసాయ కులాల చేతిలో, శ్రమ ప్రధానంగా మాల, మాదిగ పేటల చేతుల మీద సాగింది. ఊడ్పు, కలుపు, కోత ఏటా దళిత స్త్రీకి పని దొరికే రోజులు. వరిచేను రొయ్యల చెరువుగా మారినప్పుడు భూమి యజమాని మారలేదు, ఆదాయం పెరిగింది. పోయింది ఊడ్పు పని. చెరువుకు కాపలాకు, మేతకు, ఏరియేటర్ల నిర్వహణకు కొద్దిమంది మగవాళ్లు చాలు. పొలం నుంచి బయటపడిన స్త్రీలలో కొందరికి దారి చూపింది శుద్ధి ప్లాంటు. కనుక ప్లాంటు మూతపడితే ఆమె పాత పనికి తిరిగి వెళ్తుందనుకోవడం భ్రమ. ఆ పాత పనిని మింగి పెరిగిన పరిశ్రమే ఈ కొత్త పనిని ఇచ్చింది.

ఊరి బయట సంపాదించే కూలికి ఇక్కడ మరొక విలువ కూడా ఉంది. 2017లో భీమవరానికి దగ్గరలోనే ఉన్న పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహ స్థాపనపై వివాదం రేగినప్పుడు దళితులను సామాజికంగా బహిష్కరించారు. కూలి పనులకు పిలవలేదు, కౌలు భూములు ఇవ్వలేదు. పని ఇచ్చే చేయి, ఆధిపత్యం చెలాయించే చేయి ఒక్కటే అయినప్పుడు ఆత్మగౌరవానికి ధర పస్తు. ఊరి భూస్వామి మీద ఆధారపడని ఆదాయం ఏ కొద్దిగా ఉన్నా, అది ఆ ధరను తగ్గిస్తుంది. సుంకాల దెబ్బకు ప్లాంటు పని పోయినప్పుడు పేట పోగొట్టుకునేది డబ్బు మాత్రమే కాదు. ఊరి పెత్తనానికి ఎదురు నిలిచే శక్తిని కూడా.

ప్రపంచ మార్కెట్ కోసం పనిచేసే స్త్రీని లెక్కలోంచి తప్పించడం గోదావరి జిల్లాలకు కొత్త కాదు. 19వ శతాబ్దంలో మిషనరీలు తొలుత క్రైస్తవం స్వీకరించిన పేద స్త్రీలకు నేర్పిన నరసాపురం లేసు అల్లిక, తరువాత కాపు తదితర కులాల ఇళ్లలోకి విస్తరించింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువరించిన అధ్యయనం అక్కడి కీలకాన్ని పట్టుకుంది: లేసు అల్లే స్త్రీలను గృహిణులనీ, వారి పనిని తీరిక వేళ కాలక్షేపమనీ పిలిచినందువల్లనే ఆ కూలి అంత తక్కువగా నిలిచింది. ఇంటి గడప దాటకపోవడం కుల గౌరవంగా చెలామణి అయింది; ఆ గౌరవమే ఎగుమతిదారుకు చవక శ్రమగా మారింది. ఆర్డర్లు తగ్గితే ఒక్క ఉద్యోగమూ పోయినట్టు నమోదు కాదు, ఎందుకంటే అది ఉద్యోగమని ముందే ఎవరూ ఒప్పుకోలేదు. అక్కడ గృహిణి అన్న పేరు చేసిన పనిని ఇక్కడ క్యాజువల్ అన్న పేరు చేస్తున్నది.

ఉపశమన చర్యలను ఈ వెలుగులో చూడాలి. 2025 ఏప్రిల్‌లో సుంకాల ప్రకటన వెలువడగానే రాష్ట్ర ప్రభుత్వం ఎగుమతిదారులతో మాట్లాడి 100 కౌంటు రొయ్యకు కిలో 220 రూపాయల ధర ఇప్పించే ప్రయత్నం చేసింది. సెప్టెంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆక్వా రంగాన్ని ఆదుకోవాలని కేంద్రానికి లేఖలు రాశారు. నవంబరులో రిజర్వు బ్యాంకు ఎగుమతిదారుల రుణ చెల్లింపులకు వాయిదా అవకాశం కల్పించింది. ఇవి అవసరమైనవే. కానీ కౌంటుకు ధర చెప్పిన చోట, ఆ కౌంటును ఒలిచినందుకు కిలో కూలి ఎంతో చెప్పలేదు. బ్యాంకులో ఖాతా ఉన్న అప్పుకు వాయిదా దొరికింది. వారం వారం వచ్చి వసూలు చేసుకునే మైక్రోఫైనాన్స్ అప్పుకు దొరకలేదు.

చట్టం ఉన్నది కదా అనవచ్చు. తాత్కాలికంగా పని నిలిపివేస్తే వేతనంలో సగం పరిహారంగా చెల్లించాలన్న సూత్రం మన కార్మిక చట్టాల్లో చాలాకాలంగా ఉంది. కానీ దానికి ఏడాది నిరంతర సేవ ఉండాలి, అంటే సాధారణంగా 240 పనిదినాలు, మస్టరులో పేరుండాలి. క్యాజువల్ కార్మికులకు, సీజనల్ సంస్థలకు అది వర్తించదు. ఈ మినహాయింపులన్నీ కాగితం మీద కులం ఊసెత్తవు. అమలులో మాత్రం సరిగ్గా పేట దగ్గరే వచ్చి ఆగుతాయి. కులం పనిని మాత్రమే కాదు, పనిచేసేవారినే మెట్లుగా విడగొడుతుందని అంబేడ్కర్ 1936లోనే చూపారు. ఎగుమతి గొలుసు ఆ మెట్లను కూల్చలేదు. వాటి మీదే తన నిచ్చెనను ఆనించింది.

చెరువు రైతులందరూ సంపన్నులు కారన్నది నిజం. అధిక లీజుకు చెరువు తీసుకుని అప్పుల్లో కూరుకున్న కౌలుదారులున్నారు. ప్లాంటులో వేర్వేరు కులాల స్త్రీలు ఒకే బల్ల ముందు నిలబడి పనిచేయడం చిన్న మార్పు కాదన్నదీ నిజం. అందుకే ఆ పని మిగలాలి, అది హక్కుగా మిగలాలి. ప్రభుత్వ సొమ్ముతో, బ్యాంకు వెసులుబాటుతో గట్టెక్కే ప్రతి సంస్థా కాంట్రాక్టరు తెచ్చిన కార్మికులతో సహా మస్టరును బహిరంగపరచాలి. పని ఆగిన వారాలకు కనీస భృతి చెల్లించడం ఆ సాయానికి షరతు కావాలి. కౌంటు ధర ప్రకటించే సమావేశంలోనే ఒలుపు కూలినీ ప్రకటించాలి. ఆ బల్ల వద్ద రైతు, ఎగుమతిదారులతో పాటు కార్మిక స్త్రీల ప్రతినిధికీ కుర్చీ ఉండాలి. ఎన్ని కోట్ల సరుకు ఆగిందో లెక్కించినట్టే, ఎన్ని పనిదినాలు పోయాయో, ఏ కులాల, ఏ పేటల స్త్రీలవి పోయాయో లెక్కించాలి.

సుంకాలు పెరుగుతాయి, తగ్గుతాయి. ఈక్వడార్ పోతే వియత్నాం వస్తుంది, అమెరికా కాకపోతే ఐరోపా కొంటుంది. రేపు మార్కెట్ కోలుకున్నప్పుడు రొయ్య ధర మళ్లీ పైకి లేస్తుంది. పస్తున్న వారాల కూలి మాత్రం వెనక్కి రాదు. ఆ నష్టం ఎవరిదో చెప్పగలిగే చిట్టా ఇంతవరకు ఏ కార్యాలయంలోనూ తెరవలేదు. ముందు దాన్ని తెరవాలి.