ఇంటిని చూసినా ముఖాన్ని చూసినట్టే

పటమట నుంచి ఒక పాఠకురాలు రాశారు. రైతు బజారులో బెండకాయలు ఏరుకుంటుంటే పాత క్లాస్‌మేట్ ఎదురైందట. జుట్టు నెరిసింది, మనిషి ఒళ్ళు చేసింది, అయినా ఇట్టే పోల్చుకున్నారట. పేరు మాత్రం ఇంటికొచ్చి కూర తాలింపు వేస్తుంటే గానీ తట్టలేదు. పేరు పోయి ముఖం ఎలా మిగిలిందని ఆవిడ ప్రశ్న. పేరు సంగతి మరో నెల చూద్దాం. ముఖం అన్నారు కదా, ఇక నన్ను ఆపడం కష్టం.

ముందు గబగబా నాలుగు ముక్కలు. కంటి నుంచి బయల్దేరిన సమాచారం తల వెనక భాగానికి చేరి, అక్కణ్ణించి మెదడు అడుగువైపుకి సాగుతుంది. ముఖాలు చూసినప్పుడు ప్రత్యేకంగా చురుకయ్యే చోటు అక్కడ, ముఖ్యంగా కుడివైపున, ఉందని 1997లో నాన్సీ కాన్‌విషర్ బృందం చూపింది. అంతకు ముందటేడే ష్లోమో బెంటిన్ బృందం జనం తలలకి ఎలక్ట్రోడ్లు అంటించి ఇంకో సంగతి పట్టుకుంది. ముఖం కనబడ్డ 170 మిల్లీసెకన్లకి ఒక విద్యుత్ తరంగం లేస్తుంది. కారు చూపిస్తే అది అంత ఎత్తు లేవదు. దాని పేరు ఎన్170. నా మోజంతా దాని మీదే.

ముఖానికీ మిగతా వస్తువులకీ మధ్య ఈ తేడా పుట్టుకతో వస్తుందా, చూసి చూసి నేర్చుకుంటే వస్తుందా? తేల్చాలంటే పసిబిడ్డ కళ్ళకి గంతలు కట్టాలి. ఆ పని ఎవరూ చేయరు. కానీ రెండు కళ్ళలోనూ దట్టమైన శుక్లాలతో పుట్టే పిల్లలున్నారు. సంపన్న దేశాల్లో వాళ్ళకి నెలల్లోనే ఆపరేషన్ అయిపోతుంది. మన దగ్గర కొందరు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతారు. అందుకే జర్మనీలోని హాంబర్గ్ నుంచి బ్రిగిటె రోడర్ హైదరాబాదుకి, ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రికి వచ్చింది. (తాడిగడపలో పటమట వాళ్ళు చూసేది దీని శాఖే.) అక్కడి డాక్టర్ రమేశ్ కెకున్నాయ తదితరులతో కలిసి ఆమె చేసిన పరిశోధన 2013లో అచ్చయింది.

గుడ్డితనంతో పుట్టి, రెండు నెలల వయసు మొదలు పద్నాలుగేళ్ళ లోపు ఎప్పుడో ఒకప్పుడు ఆపరేషన్ అయిన 11 మందిని కూర్చోబెట్టారు. తెర మీద ముఖాలు, ఇళ్ళు, వాటినే ముక్కలు చేసి కలిపేసిన బొమ్మలు, మధ్యమధ్య సీతాకోకచిలుకలు. వాళ్ళు చేయాల్సిందల్లా సీతాకోకచిలుక వచ్చినప్పుడు స్పందించడం. అందరూ చక్కగా చేశారు. మరి ఎన్170? ముఖాలకి అది లేవదని, నీరసంగా ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది సరిగ్గా తలకిందులు! తరంగం పూర్తి ఎత్తున లేచింది. ముఖానికే కాదు, ఇంటికీ లేచింది, కలగాపులగం బొమ్మకీ లేచింది. మామూలు మనిషి మెదడు ముఖానికి ఎంత స్పందిస్తుందో, వీళ్ళ మెదడు అన్నిటికీ అంతే స్పందించింది.

చూపు మసకగా ఉండటం వల్లేమో అంటారా? పెరిగే వయసులో శుక్లాలు వచ్చినవాళ్ళనీ, పుట్టుకతోనే ఉన్నా శుక్లం కంటిని పూర్తిగా మూసేయనివాళ్ళనీ కూడా పరీక్షించారు. వాళ్ళ చూపూ అంతంతమాత్రమే, అయినా వాళ్ళకి ముఖం వేరు, ఇల్లు వేరు.

అంటే మొదటి నెలల్లో మెదడు నేర్చుకునేది ముఖానికి లేవడం కాదు, ముఖం కానిదానికి ఊరుకోవడం. కుక్కపిల్ల గాలికి ఆకు కదిలినా మొరుగుతుంది. పెంచిన కుక్క కొత్తమనిషికే మొరుగుతుంది. కొన్ని కణాలు మిగతావాటి నోరు నొక్కే ఏర్పాటు ఆ వయసులో కుదురుతుందని రోడర్ బృందం ఊహ. నాకైతే ముఖాల గురించి ఇంతకన్నా అందమైన ఫలితం తెలియదు.

ఈ దారిలో పొరబడ్డవాళ్ళూ తక్కువేం కాదు. ఒక్కో మనిషిని పోల్చడానికి మెదడులో ఒక్కో కణమేమోనని నవ్వుతూ అన్న మాట 'అమ్మమ్మ కణం'గా పాఠాల్లోకెక్కింది. పుట్టిన కాసేపటికే పసివాళ్ళు ముఖంలాంటి బొమ్మవైపు తల తిప్పుతారని 1975లో తేలగానే, అంతా పుట్టుకతోనే సిద్ధమని కొందరు తేల్చేశారు. తల తిప్పడం వేరు, పోల్చుకోవడం వేరు. పిల్లికూనల కన్ను మూసేసి హ్యూబెల్, వీజెల్ చేసిన ప్రయోగాలు చదివి, వయసు దాటాక ఆపరేషన్ దండగ అన్నవాళ్ళు ఇంకో వైపు. ఢిల్లీలో పవన్ సిన్హా 'ప్రాజెక్ట్ ప్రకాశ్' వాళ్ళ నోరు మూయించింది: ఏళ్ళ అంధత్వం తర్వాత అందులో ఆపరేషన్ అయిన పిల్లలు కూడా ముఖమేదో, కానిదేదో విడదీయడం నేర్చుకున్నారు.

ఇంకో చిత్రం. కెనడాలో డాఫ్నీ మౌరర్ బృందం ఒకే కంట్లో శుక్లంతో పుట్టినవాళ్ళని పరీక్షించింది. కుడి కన్ను మూసుకుపోయినవాళ్ళకి తర్వాత ఇబ్బంది లేదు. ఎడమ కన్నైతే, కళ్ళకీ ముక్కుకీ మధ్య దూరాల్లో చిన్న తేడాలు పట్టుకోలేకపోయారు. పసితనంలో ఎడమ కంటి సమాచారం ఎక్కువగా కుడి మెదడుకి పోతుంది మరి. ఏ కన్ను అన్నదే తేల్చేసింది!

ఉపయోగాలంటారా? ఆంధ్రప్రదేశ్‌లో 2022లో టీచర్లు బడికి రాగానే ఫోనుకి ముఖం చూపించి హాజరు వేయించుకునే పద్ధతి తెచ్చారు. ముఖాలు పోల్చడం అనగానే జనానికి అందింది హాజరు పట్టీ. అంతకన్నా పనికొచ్చేది ఇంట్లోనే ఉంది: నెలల బిడ్డ కంటిపాప తెల్లగా కనబడితే 'ఏడాది నిండనీలే' అనకుండా ఆ వారమే డాక్టరుకి చూపించడం. మౌరర్ బృందమే 2001లో, రెండు కళ్ళలోనూ శుక్లాలతో పుట్టిన పిల్లల గురించి రాసింది. వాళ్ళకి చూపు లేకుండా గడిచింది రెండు నుంచి ఆరు నెలలే. తొమ్మిదేళ్ళు దాటాక పరీక్షించినా ఆ దూరాల తేడాలు వాళ్ళకి అందలేదు.