సన్నని యోడకు అంతటి వేగ మెందుకు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పము వంటి సముద్రమెరుగని సీమల బాలబాలికలకు, డిస్ట్రాయరను యుద్ధనౌక కంతటి వేగమెందుకను సందేహము కలుగుట సహజము. విశాఖతీరమున పేరుగన్న ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ చరిత్ర దీనికి సమాధానము చెప్పగలదు.

1942లో ‘రోథర్‌హామ్’ అను పేర బ్రిటిషు నౌకాదళమున ప్రవేశించిన యీ నౌకకు 1930లనాటి ‘జె’ తరగతి నౌకల నిర్మాణమే మాతృక. డిస్ట్రాయర్లు టార్పెడో పడవలను తరిమి పట్టుటకే పుట్టిన జాతి గనుక దీనికి వేగమే ప్రాణము. పొడవు దాదాపు 358 అడుగులైనను వెడల్పు 36 అడుగులు మించనందున నీటి నిరోధము తగ్గును. రెండు బాయిలర్ల ఆవిరి టర్బైన్లను త్రిప్పి 40,000 అశ్వశక్తిని పుట్టించును. బాయిలర్లు రెండే యగుటచే పొగగొట్ట మొక్కటే చాలెను. తన్మూలమున విమానములపై కాల్చు ఫిరంగులకు అడ్డు తగ్గెను.

1949లో భారత నౌకాదళమున చేరి రాజ్‌పుత్ అయిన యీ నౌక, 1971 డిసెంబరు 3వ తేది అర్ధరాత్రి సమయమున విశాఖ రేవు వెలుపల, నీటిలో అలజడి కనబడిన చోట డెప్త్ చార్జీలను, అనగా జలాంతర్గాములపై వేయు బాంబులను, జారవిడిచెను. ముందు నిర్ణయించిన లోతు చేరగనే నీటి యొత్తిడియే వానిని ప్రేల్చును. ఆలోపల నౌక దూరముగా పోవలెను గదా! పాకిస్థాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ ఆ ప్రాంతముననే మునిగెను. అది యీ ప్రేలుడువలననో, తాను మోసిన మైన్లవలననో నేటికిని వివాదమే.