పోయిందా, ఎత్తుకెళ్ళారా?

మా అక్క కూతురి పెళ్ళికి పట్టుచీరలు తీసుకుందామని హిందూపురం నుంచి పొద్దున్నే కారులో బయల్దేరి బెంగళూరు చిక్కపేట చేరాం. ఒక చీర అడిగితే పది విప్పి పరిచే దుకాణాలవి. చూస్తుండగానే పూట గడిచిపోయింది. తిరిగొచ్చేసరికి పక్కవీధిలో నిలిపిన కారు వెనక తలుపుకి అద్దం లేదు. సీటు నిండా పటికబెల్లం పలుకుల్లాంటి గాజు. సీటు కింద పెట్టిన సంచి లేదు. అందులో అమ్మాయి ల్యాప్‌టాప్, చెక్కుబుక్కు, ఇరవై వేల నగదు ఉన్నాయి.

పోలీస్ స్టేషన్లో అక్క కన్నీళ్ళు ఆపుకుంటూ అన్న మొదటి మాట, "సంచి పోయింది సార్."

తెలుగులో దారిలో జారిపడినా పోయిందే, దొంగ ఎత్తుకెళ్ళినా పోయిందే. ఇంట్లో అయితే ఆ తేడా ఎవరూ పట్టించుకోరు. స్టేషన్లో మాత్రం కథంతా ఆ తేడా మీదే నడుస్తుంది. అక్కడున్నాయన ఒక కాగితం రాసి సంతకం పెట్టమన్నారు. చిక్కపేట దుకాణాల్లో తెలుగులో అడిగితే తెలుగులోనే బదులొస్తుంది గానీ స్టేషన్ కాగితం కన్నడలో ఉంటుంది. అమ్మాయి బెంగళూరులో చదువుకుంది కాబట్టి చదవగలిగింది. "మామయ్యా, ఇందులో 'కళెదు హోగిదె' అని ఉంది. మనమే పారేసుకున్నామని అర్థం. 'కళ్ళతన' అన్న మాటే లేదు" అంది.

బెంగళూరు పోలీసులకు ఇ-లాస్ట్ అనే సదుపాయం ఉంది. సిమ్ కార్డో, లైసెన్సో ఎక్కడో జారిపోతే అందులో నమోదు చేసుకుని, వచ్చిన రసీదు చూపించి నకలు తీసుకోవచ్చు. అంతవరకు మంచిదే. అయితే వస్తువు పారేసుకోవడం నేరం కాదు కనుక ఆ రసీదు మీద దర్యాప్తు జరగదు, దొంగను వెతకరు. అద్దం పగిలిన కారు వీధిలో నిలబడి ఉండగా అలాంటి కాగితం మీద సంతకం పెడితే, జరిగిన నేరాన్ని మన చేత్తోనే చెరిపేసినట్టు.

మేం సంతకం పెట్టలేదు. వేరే కాగితం తీసుకుని, కారు ఎన్నింటికి నిలిపామో, ఎన్నింటికి చూశామో, అద్దం పగలగొట్టి ఏమేం దొంగిలించారో, వాటి విలువెంతో రాసిచ్చాం. విలువ రాయడం చాలా ముఖ్యం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి మూడేళ్ళ దాకా జైలు ఉంది. అది కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టగల నేరం. సొత్తు విలువ ఐదు వేల లోపైతే మాత్రం, మొదటిసారి దొరికినవాడు సొమ్ము తిరిగిస్తే సమాజసేవతో సరిపెడతారు. ఆ చిన్న దొంగతనంలో మేజిస్ట్రేట్ అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తుకు దిగలేరు.

కొత్త చట్టంలో సామాన్యుడికి పనికొచ్చే వెసులుబాట్లు ఉన్నాయి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. చిక్కపేట లాంటి చోట ఇది ఎంత అవసరమో అక్కడ తిరిగినవాళ్ళకు తెలుస్తుంది. చుట్టూ సిటీ మార్కెట్, హలసూరు గేట్, ఉప్పారపేట, కాటన్‌పేట స్టేషన్లున్నాయి. ఏ సందు ఎవరిదో బయటి ఊరివాళ్ళకు ఏం తెలుస్తుంది? ఆన్‌లైన్లో పంపిన ఫిర్యాదు మీద మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెడితే అదీ చెల్లుతుంది. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం, అడిగి తీసుకోవాలి. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో పై అధికారి అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ జరపవచ్చన్నది నిజమే. నేరం జరిగిందా లేదా తేల్చుకోవడానికే ఆ గడువు. పగిలిన అద్దం ఆ సంగతి ముందే చెబుతోంది. స్టేషన్లో నమోదు చేయకపోతే డీసీపీకి రాతపూర్వకంగా పంపాలి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళాలి. ఇలాంటి నేరాల్లో ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013 నవంబరు 12నే చెప్పింది.

పోలీసుల కష్టం కూడా నేను కళ్ళారా చూశాను. మా కాగితం తీసుకున్న ఎస్‌ఐ మొదట అడిగింది కచ్చితమైన సమయం. దుకాణాల సీసీ కెమెరాల్లో నిల్వ నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి వచ్చి పడతాయి. మధ్యాహ్నం ఎప్పుడో అంటే గంటల కొద్దీ జనసమ్మర్దాన్ని చూస్తూ కూర్చోవాలి. పార్కింగ్ చీటీ, చీరల బిల్లు మీద సమయాలుండబట్టి ఆ వ్యవధి తగ్గింది. గాజు ఊడ్చే ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయమన్నదీ ఆయనే.

ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు పాత అట్టపెట్టె మీద దొరికితే ఫిర్యాదుకు జత చేశాం. దొంగలు చాలాసార్లు ఇంకో కేసులో, ఇంకో స్టేషన్లో పట్టుబడతారు. వాళ్ళ దగ్గర కుప్పగా దొరికిన ల్యాప్‌టాప్‌లలో ఏది ఎవరిదో తేల్చేది ఎఫ్‌ఐఆర్‌లోని ఆ నంబరే. దొరికాక కేసు తేలేదాకా వస్తువును స్టేషన్లో మగ్గబెట్టనక్కర్లేదు, కోర్టు ఉత్తర్వుతో ముందే విడిపించుకోవచ్చు.

ఇక ఇన్సూరెన్స్. పూర్తి పాలసీ ఉంటే అద్దానికి డబ్బొస్తుంది, గాజుకు తరుగుదల కోయరు. కాకపోతే క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. లెక్క వేసుకుని మా బావ సొంత డబ్బుతోనే వేయించారు. లోపలి సంచికి మామూలు కారు పాలసీ పైసా ఇవ్వదు, అదనంగా కట్టి ఉంటే తప్ప.

తొంభై రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు పోలీసులు తెలియజేయాలని నాగరిక సురక్షా సంహిత 193వ సెక్షన్ చెబుతోంది. ఆ గడువు దాటకముందే అమ్మాయి ఫోన్‌కి సందేశం వచ్చింది, దొంగ ఆచూకీ ఇంకా తెలియలేదని. చివరికి దొరక్కపోతే కర్ణాటకలో 'సి రిపోర్ట్' వేసి కేసు మూస్తారు. అయినా దొంగ ఎప్పుడు బయటపడినా ఆ కేసును మళ్ళీ తెరవొచ్చు. ఎఫ్‌ఐఆర్ నకలును అక్క పెళ్ళి బిల్లుల ఫైల్లోనే, చిక్కపేట చీరల రసీదు వెనకాలే పెట్టి ఉంచింది.