నిద్ర సంగతి అడిగిన మనిషి

రోజలిన్ కార్టర్ అనగానే అమెరికా అధ్యక్షుడి భార్య అంటారు. నేను మాత్రం ఆమెను జార్జియా గవర్నర్ భార్యగానే తలచుకుంటాను. ఆమె జీవితకాలపు పని అక్కడే మొదలైంది.

1970లో ఆమె భర్త జిమ్మీ కార్టర్ గవర్నర్ పదవికి పోటీ చేస్తున్నారు. రోజలిన్ తెల్లవారుజామున నాలుగున్నరకే ఒక నూలుమిల్లు ముందు నిలబడి, షిఫ్టు దిగినవాళ్లను ఓట్లడుగుతున్నారు. ఒంటినిండా దూదిపీచుతో ఒకావిడ బయటికొచ్చింది. ఇంటికెళ్లి కాస్త పడుకుంటారా అని రోజలిన్ అడిగారు. కుదిరితే ఓ కునుకు తీస్తానందామె. ఇంట్లో మానసిక జబ్బున్న కూతురు. ఖర్చులకు భర్త సంపాదన చాలక రాత్రిపూట మిల్లుకొస్తోంది.

ఇక్కడ నేను ప్రతిసారీ ఆగిపోతాను. మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. వేళకు మందులిచ్చేది, రాత్రి వాడు లేచి తిరుగుతుంటే పక్కన కూర్చునేది నేనే. ‘తమ్ముడెలా ఉన్నాడమ్మా’ అని అందరూ అడుగుతారు. ‘నీకు నిద్ర పడుతోందా’ అని అడిగేవాళ్లు అరుదు.

అదే రోజు జిమ్మీ సభకెళ్లి, కరచాలనం కోసం జనంతో పాటు వరుసలో నిలబడ్డారు రోజలిన్. తన వంతు రాగానే భర్తనే నిలదీశారు: గెలిస్తే మానసిక రోగులకు ఏం చేస్తారు? గెలిచాక ఆయన వేసిన కమిషన్‌లో ఆమె సభ్యురాలయ్యారు. హోదాతో సరిపెట్టుకోలేదు. వారానికో రోజు అట్లాంటా ఆసుపత్రిలో స్వచ్ఛందంగా పనిచేశారు.

అప్పట్లో జార్జియా రోగులను మిల్లెడ్జ్‌విల్‌లోని ఒకే పెద్దాసుపత్రిలో వేలకొద్దీ కుక్కేవారు. ఊళ్లకు దగ్గరగా చిన్న కేంద్రాలుండాలని కమిషన్ చెప్పింది. కార్టర్ పదవీకాలంలో అవి 23 నుంచి 134 అయ్యాయి. కేంద్రం దగ్గరుంటే రోగిని వదిలేసి రానక్కర్లేదు, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి తెచ్చుకోవచ్చు. చూసుకునేవాళ్లకు అదెంత ఊరటో నాకు తెలుసు.

భర్త అధ్యక్షుడై వైట్‌హౌస్‌కు వెళ్లాక, 1979లో మానసిక ఆరోగ్య సేవల గురించి ఆమె సెనేట్ కమిటీ ముందు సాక్ష్యమిచ్చారు. మరుసటి ఏడే ఆ సేవల కోసం చట్టమొచ్చింది. 1981లో కొత్త ప్రభుత్వం దాన్ని చాలావరకు తీసేసింది. అంత కష్టం అలా పోయినందుకు ఇప్పటికీ మనసు రగులుతుంది. ఆమె మాత్రం వదల్లేదు. మానసిక జబ్బుకూ మిగతా జబ్బులతో సమానంగా బీమా ఉండాలని, 2008లో చట్టం వచ్చేదాకా అడుగుతూనే ఉన్నారు.

1987లో తాను చదువుకున్న అమెరికస్ కాలేజీలో ఆమె ఒక సంస్థ పెట్టారు. అది రోగుల కోసం కాదు, ఇంట్లో వాళ్లను చూసుకునే అమ్మలకూ అక్కలకూ భర్తలకూ. సేవ చేస్తూ తాము కుంగిపోకుండా ఎలా ఉండాలో వాళ్లకు నేర్పిస్తారు. రోజలిన్ 2023లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. సంస్థ నడుస్తూనే ఉంది.