మెయిల్ చివరి నాలుగు వరుసలు: పేరు చెప్పే సంతకం, నిజం తేల్చే సంతకం

భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారైన రైలు పట్టాను పక్క నుంచి చూస్తే దాని నడుము భాగం మీద ఉబ్బెత్తు అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. పట్టా ఏ కొలతది, ఉక్కు ఏ రకం, తయారీదారు ఎవరు, ఏ నెలలో, ఏ సంవత్సరంలో తయారైంది అన్న వివరాలు వాటిలో ఉంటాయి. ఉక్కు ఎర్రగా కాలుతూ రోలర్ల మధ్య నుంచి సాగేటప్పుడే ఈ గుర్తులు పడతాయి. పట్టా దేశంలో ఏ మూలకు చేరినా దాని పుట్టుపూర్వోత్తరాలు దానితోనే ప్రయాణిస్తాయి.

కంప్యూటర్ నుంచి మనం పంపే ఈ-మెయిల్ చివర ఉండే సంతకం కూడా చేసే పని ఇదే. ఎవరు పంపారు, ఏ హోదాలో పంపారు, తిరిగి ఎలా సంప్రదించాలి అన్నది నాలుగు వరుసల్లో చెబుతుంది. చూడటానికి చిన్న విషయమే. అయితే దాని వెనుక అక్షరాలను అంకెలుగా మార్చే లెక్క ఉంది, సందేశాన్ని మోసే నియమాలు ఉన్నాయి. వీటికి తోడు, సంతకాన్ని చూసి నమ్మి మోసపోయే ప్రమాదమూ ఉంది.

నందిని నుంచి ఒక మెయిల్

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, భిలాయికి ఉత్తరాన నందిని సున్నపురాయి గనులు ఉన్నాయి. ఇనుప ఖనిజంలోని సిలికా వంటి మలినాలను చిట్టెంగా వేరు చేయడానికి బ్లాస్ట్ ఫర్నేస్‌కు సున్నపురాయి కావాలి. సోవియట్ సహకారంతో నిర్మించిన భిలాయి కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఉద్యోగాల కోసం ఆ ఉక్కునగరానికి తరలివెళ్లిన వారిలో తెలుగు కుటుంబాలు కూడా చాలానే ఉన్నాయి.

గని, ప్రయోగశాల, రవాణా విభాగం, విడిభాగాలు సరఫరా చేసే చిన్న వర్క్‌షాపు ఇలా అనేక చేతులు కలిస్తేనే పని సాగే చోట ఉత్తరప్రత్యుత్తరాలు ఎక్కువ. ఒకే పేరు గల ఉద్యోగులు ఇద్దరు ముగ్గురు ఉండవచ్చు. పైగా తెలుగువారి పేర్లతో ఒక చిక్కు ఉంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ తరచుగా ఒక పొడి అక్షరంగానే ఉంటుంది. ఉత్తరాదిలో చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటారు. అందుకే ఒకే మనిషి పేరు ఒక జాబితాలో ఒక రకంగా, మరో జాబితాలో ఇంకో రకంగా నమోదవుతుంది. ఉద్యోగ రికార్డుల్లో పేరు ఎలా ఉందో సంతకంలోనూ అలాగే పూర్తిగా రాయడం ఈ గందరగోళానికి సులువైన మందు.

సంతకంలో ఏం ఉండాలి?

వృత్తిపరమైన సంతకానికి నాలుగైదు వరుసలు చాలు.

• పూర్తి పేరు
• హోదా, విభాగం
• సంస్థ పేరు, ఊరు
• కార్యాలయ ఫోన్ నంబరు
• అవసరమైతే సంస్థ వెబ్‌సైట్ చిరునామా

ఫోన్ నంబరును అంతర్జాతీయ పద్ధతిలో రాస్తే మంచిది. దుర్గ్-భిలాయి ఎస్‌టీడీ కోడ్ 0788. దేశం కోడ్‌తో కలిపి రాసేటప్పుడు మొదటి సున్నా తీసేసి +91 788 అని మొదలుపెట్టాలి. ఆ సున్నా దేశం లోపల దూరపు కాల్ చేసేటప్పుడు మాత్రమే వాడేది.

ఏం ఉండకూడదో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. ఆధార్, పాన్ నంబర్లు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా సంతకంలోకి రాకూడదు. కొందరు అందంగా ఉంటుందని తమ చేతిరాత సంతకాన్ని స్కాన్ చేసి బొమ్మగా పెడతారు. ఆ బొమ్మను ఎవరైనా కాపీ చేసి మరో పత్రం కింద అతికించవచ్చు. మెయిల్ పంపిన ప్రతిసారీ మన సంతకం నమూనాను ఊరందరికీ పంచినట్టే అవుతుంది.

ఎలా అమర్చుకోవాలి?

థండర్‌బర్డ్ వాడేవారు ‘అకౌంట్ సెట్టింగ్స్’ తెరిచి, ఎడమ వైపు తమ ఖాతా పేరు మీద నొక్కాలి. కుడి వైపు ‘సిగ్నేచర్ టెక్స్ట్’ అనే పెట్టె కనిపిస్తుంది. అందులో వివరాలు టైప్ చేస్తే చాలు. రంగులు, లింకులు కావాలంటే దాని దగ్గరున్న ‘యూజ్ హెచ్‌టీఎంఎల్’ గడిలో టిక్ పెట్టి, హెచ్‌టీఎంఎల్ భాషలో రాయాలి. ముందే తయారుచేసిన ఫైల్ ఉంటే దాన్ని జతచేసే వీలు కూడా అక్కడే ఉంది. జవాబుల్లో సంతకం ఎక్కడ రావాలన్నది ‘కంపోజిషన్ అండ్ అడ్రసింగ్’ విభాగంలో ఎంచుకోవచ్చు.

క్లాసిక్ అవుట్‌లుక్‌లో ‘ఫైల్’, ‘ఆప్షన్స్’, ‘మెయిల్’, ‘సిగ్నేచర్స్’ వరుసలో వెళ్లి ‘న్యూ’ నొక్కాలి. కొత్త మెయిళ్లకు ఒక సంతకం, జవాబులకు మరొకటి నిర్ణయించుకునే వీలు ఉంటుంది. జవాబుల్లో పేరు, ఫోన్ నంబరు మాత్రమే ఉండే పొట్టి సంతకం పెట్టుకుంటే సంభాషణ చదవడం తేలిక. విండోస్‌లో ఈ కార్యక్రమం ఒక్కో సంతకాన్ని మూడు రూపాల్లో దాస్తుంది: హెచ్‌టీఎంఎల్, రిచ్ టెక్స్ట్, సాదా పాఠం. అవతలి వారికి వెళ్లే మెయిల్ ఏ రూపంలో ఉంటే దానికి తగిన ప్రతి చేరుతుంది. అందుకే సాదా పాఠం రూపంలో కూడా సంతకం సరిగా ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి.

రెండు అడ్డగీతలు, ఒక ఖాళీ

సందేశం ఎక్కడ ముగిసింది, సంతకం ఎక్కడ మొదలైంది అన్నది మనిషికి చూడగానే తెలుస్తుంది. కంప్యూటర్‌కు తెలియాలంటే గుర్తు కావాలి. ఆ గుర్తు రెండు చిన్న అడ్డగీతలు, వాటి వెంట ఒక ఖాళీ, అంతే. ఆ వరుసలో ఇంకేమీ ఉండకూడదు. ఇంటర్నెట్ చర్చా బృందాల తొలినాళ్ల నుంచి వాడుకలో ఉన్న ఈ ఆనవాయితీని 2004లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సి 3676 అనే ప్రమాణ పత్రం ప్రస్తావించింది. థండర్‌బర్డ్ మామూలుగా ఈ గీతను తానే చేరుస్తుంది. దాని కింద ఉన్నదాన్ని లేత రంగులో చూపిస్తుంది, ఎవరైనా జవాబు రాస్తే ఆ భాగాన్ని వదిలేస్తుంది. ఆ చివరి ఖాళీ లేకపోతే ఈ ఏర్పాటు పనిచేయదు.

తెలుగు సంతకం ఎందుకు చెదురుతుంది?

రే టామ్లిన్సన్ 1971లో రెండు కంప్యూటర్ల మధ్య తొలి ఈ-మెయిల్ పంపినప్పుడు కంప్యూటర్లకు తెలిసినవి ఆంగ్ల అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులే. ఆ ఆస్కీ పట్టికలో 128 స్థానాలు మాత్రమే ఉండేవి. 1992లో వచ్చిన మైమ్ ప్రమాణం ఇతర లిపులకు, బొమ్మలకు, జోడింపులకు దారి తెరిచింది. యూనికోడ్‌లో తెలుగు లిపికి విడిగా 128 స్థానాలు కేటాయించారు.

నేడు మెయిళ్లలో ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో ఆంగ్ల అక్షరానికి ఒక బైట్ చాలు. తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు కావాలి. ‘నందిని’ని ఆంగ్ల లిపిలో రాస్తే ఏడక్షరాలు, ఏడు బైట్లు. తెలుగులో న, సున్నా, ద, గుడి, న, గుడి కలిపి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. ఈ తేడా మెయిల్ బరువును పెద్దగా మార్చదు. చిక్కు వచ్చేది చదివేటప్పుడే. అవతలి కంప్యూటర్ ఈ బైట్లను పాత పాశ్చాత్య పట్టిక ప్రకారం చదివితే మన పేరుకు బదులు నెత్తిన గీత ఉన్న ఆంగ్ల ‘ఎ’, డిగ్రీ గుర్తు, ప్లస్-మైనస్ గుర్తు పదే పదే వస్తాయి. అక్షరాలకు బదులు ఖాళీ గడులు కనిపిస్తే మాత్రం సంకేతాలు సరిగానే చేరాయని, అక్కడ తెలుగు ఫాంట్ లేదని అర్థం.

అను వంటి పాత ఫాంట్లలో టైప్ చేసిన సంతకం ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అర్థంలేని ఆంగ్ల అక్షరాలుగా మారిపోతుంది. అందుకే సంతకాన్ని యూనికోడ్‌లోనే టైప్ చేయాలి. తెలుగు, హిందీ, ఆంగ్లం కలిసి నడిచే భిలాయి వంటి చోట పేరును రెండు లిపుల్లో రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

బొమ్మల బరువు

సంస్థ లోగోను సంతకంలో పెట్టేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. మెయిల్‌లో బొమ్మను పంపడానికి సాధారణంగా బేస్64 అనే పద్ధతి వాడతారు. అది ప్రతి మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా మారుస్తుంది. అంటే 300 కిలోబైట్ల లోగో 400 కిలోబైట్లకు పైగా అవుతుంది. పది జవాబుల సంభాషణలో ప్రతిసారీ అది కొత్తగా చేరితే రెండు వాక్యాల కబురు కోసం నాలుగు మెగాబైట్లు మోయాలి. చాలా మెయిల్ కార్యక్రమాలు ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవలసిన బొమ్మలను భద్రత కోసం ఆపేస్తాయి కూడా. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్‌కు బొమ్మలోని పేరు, ఫోన్ నంబరు సరిగా అందవు. కాబట్టి ముఖ్యమైన వివరాలను ఎప్పుడూ అక్షరాల్లోనే ఉంచాలి.

ఇది రుజువు కాదు

రైలు పట్టా మీది గుర్తులు చూసి ఎవరూ దాని బలాన్ని నిర్ధారించరు. పట్టా మీద వేరుగా ముద్రించే హీట్ నంబరు ఆధారంగా, అది ఏ విడత ఉక్కు నుంచి వచ్చిందో, ఆ ఉక్కు పరీక్షల్లో ఏం తేలిందో రికార్డుల్లో చూస్తారు. గుర్తు పేరు చెబుతుంది, పరీక్ష నిజం తేలుస్తుంది.

మెయిల్‌లోనూ అంతే. చివర ఉన్న పేరు, హోదా, లోగో ఎవరైనా టైప్ చేయగల, కాపీ చేయగల అక్షరాలూ బొమ్మలూ మాత్రమే. ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై డబ్బు ఈ ఖాతాకు పంపండి’ అంటూ సరఫరాదారు పేరుతో వచ్చే నకిలీ మెయిల్, ‘ఉద్యోగం ఖాయమైంది, డిపాజిట్ కట్టండి’ అంటూ పెద్ద సంస్థ పేరుతో వచ్చే నియామక పత్రం రెండూ అచ్చమైన సంతకంతోనే వస్తాయి. ఒక చిన్న వర్క్‌షాపుకు ఆ ఒక్క మెయిల్ నెలల సంపాదనను, ఒక నిరుద్యోగికి ఇంట్లో దాచుకున్న డబ్బును పోగొట్టగలదు.

రుజువు కావాలంటే గణితం కావాలి. డిజిటల్ సంతకంలో మొదట సందేశం మొత్తం నుంచి ఒక సంక్షిప్త సంఖ్యను తీస్తారు. దాన్ని ‘హ్యాష్’ అంటారు. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అది 256 బిట్ల పొడవు ఉంటుంది. సందేశంలో ఒక్క అక్షరం మారినా అందులో దాదాపు సగం బిట్లు మారిపోతాయి. ఈ హ్యాష్ మీద పంపేవారు తమ రహస్య తాళంతో సంతకం చేస్తారు. అందుకున్నవారు అందరికీ తెలిసే బహిరంగ తాళంతో సరిచూస్తారు. భారత సమాచార సాంకేతిక చట్టం 2000 ఈ జంట తాళాల పద్ధతికే చట్టబద్ధత ఇచ్చింది. ఈ ధ్రువపత్రాలు జారీ చేసే సంస్థలను కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ పర్యవేక్షిస్తుంది. ఆన్‌లైన్ టెండర్లు వేసే గుత్తేదారులు వాడే యూఎస్‌బీ టోకెన్‌లో ఉండేది ఈ తాళమే. ఎస్/మైమ్ ప్రమాణం ద్వారా తగిన ధ్రువపత్రంతో మెయిళ్ల మీద కూడా ఇలాంటి సంతకం చేయవచ్చు. థండర్‌బర్డ్, అవుట్‌లుక్ రెండింటిలోనూ ఆ వీలు ఉంది.

ఇదే సూత్రంతో డీకిమ్ అనే ఏర్పాటు సంస్థ స్థాయిలో పనిచేస్తుంది. మెయిల్ నిజంగా ఆ సంస్థ డొమైన్ తరఫునే వెళ్లిందా, దారిలో మారిందా అన్నది అందుకునే సర్వర్ దాని ద్వారా సరిచూస్తుంది.

పాఠకులు పాటించదగ్గవి

డబ్బు, ఖాతా మార్పు, ఉద్యోగం ప్రస్తావన ఉన్న మెయిల్ వస్తే కింది సంతకం కంటే పైనున్న పూర్తి చిరునామాను ముందు చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా అనుమానించాల్సిందే. చిరునామా సరిగా కనిపించినా అక్కడితో ఆగవద్దు. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాకుండా మీ దగ్గర ముందే ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. మోసపోయామని తెలిస్తే ఆలస్యం చేయకుండా జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

మీ సొంత సంతకం సిద్ధమయ్యాక దాన్ని ముందు మీకే పంపుకోండి. కంప్యూటర్‌లో ఒకసారి, ఫోన్‌లో ఒకసారి, బొమ్మలు ఆపేసి మరోసారి చూడండి. మూడు చోట్లా మీ పేరు, హోదా, నంబరు స్పష్టంగా కనిపిస్తే ఆ నాలుగు వరుసలు తమ పని తాము చేస్తున్నట్టే.